వదిలి రాగలిగే సీఐ సేవనే ఎంచుకుందాం: బెంగళూరులోని తెలుగు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల నిర్వాహకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన నిర్వాహక మిత్రులకు నమస్కారం.

మన తెలుగు ఫాంట్లను, ఆండ్రాయిడ్ కీబోర్డును, అక్షరదోషాలు పట్టే నిఘంటువును, బొమ్మల్లోని అక్షరాలను పాఠ్యంగా మార్చే ఓసీఆర్ పనిముట్లను ఇప్పటివరకు ఏ ప్రాజెక్టుకు ఆ ప్రాజెక్టు తనకు తోచిన పద్ధతిలో పరీక్షించుకుని విడుదల చేస్తూ వచ్చింది. ఇకమీదట అన్నిటికీ కలిపి ఒకే హోస్టెడ్ కంటిన్యువస్ ఇంటిగ్రేషన్ (సీఐ) సేవను, అంటే కోడులో వచ్చే ప్రతి మార్పునూ తన యంత్రాల మీద బిల్డు చేసి (వాడకానికి సిద్ధమైన ఫైలుగా మార్చి) తనంతట తానే పరీక్షించే సేవను, ఎంచుకోవాలన్న ప్రతిపాదన బెంగళూరులో జరగబోయే తదుపరి సమావేశంలో నిర్ణయానికి రానున్నది. ఆ ప్రతిపాదనను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. అయితే ఇంతవరకు సాగిన చర్చ ఏ సేవ వేగంగా ఉంటుంది, ఏది నెలకు ఎన్ని నిమిషాలు ఉచితంగా ఇస్తుంది అన్న రెండు ప్రశ్నల దగ్గరే ఆగిపోయినందువల్ల, సమావేశానికి ముందే మీ అందరి ముందు కొన్ని విషయాలు పెట్టాలని ఈ లేఖ రాస్తున్నాను.

వేగం, ఉచిత నిమిషాలు రెండూ చూడవలసినవే. కానీ జీతాలు లేకుండా, సెలవు రోజుల్లోనూ రాత్రిపూటా నడిచే మనవంటి ప్రాజెక్టులు వాటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఆ సేవ రేపు తన షరతులు మార్చుకుంటే మనం ఎంత త్వరగా, ఎంత తక్కువ శ్రమతో మరో చోటికి వెళ్ళగలం? ఈ ప్రశ్నకు మంచి జవాబు ఉన్న సేవ కాస్త నెమ్మదిగా నడిచినా ఫరవాలేదు. జవాబు లేని సేవ ఎంత ఉదారంగా ఇచ్చినా, ఆ ఔదార్యం ఆగిపోయిన రోజున మన పని కూడా ఆగిపోతుంది.

మనలో లిపి నిపుణులు, నిఘంటువు కూర్చేవారు కూడా ఉన్నారు కనుక, సీఐ చేసే పనిని ఒక్క ఉదాహరణతో చెబుతాను. ట వత్తు కాస్త పైకి జరిగితే పంక్తుల మధ్య ఎడం తగ్గించవచ్చని ఒక విద్యార్థి భావించి, దాని యాంకరు (అది పై అక్షరానికి అతుక్కునే బిందువు) స్థానాన్ని మార్చి, ఆ మార్పును చేర్చుకోమని కోరే పుల్ రిక్వెస్టు పంపారనుకుందాం. ‘ఇష్టం’, ‘కష్టం’ వంటి మాటల్లో ఆ మార్పు చక్కగానే కనిపిస్తుంది. ‘రాష్ట్రం’ దగ్గరికి వచ్చేసరికి ర వత్తు, ట వత్తు ఒకదానికొకటి రాసుకుపోతాయి. దీన్ని కంటితో పట్టాలంటే, సమీక్షించే మనిషికి సరిగ్గా ఆ మాటే గుర్తుకు రావాలి. సీఐలో అయితే, అక్షరాలను కలిపి పేర్చే హార్ఫ్‌బజ్ సాఫ్ట్‌వేరుతో పాటు వచ్చే హెచ్‌బీ షేప్ అనే పనిముట్టు, మన పరీక్షల జాబితాలోని ప్రతి మాటకూ ఏ గ్లిఫ్ (అక్షర రూపం) తరువాత ఏ గ్లిఫ్ వచ్చిందో, ఏది ఎన్ని యూనిట్లు పక్కకో కిందికో జరిగిందో అంకెలతో రాసి ఇస్తుంది. ఆ వరుసను మనం ముందే సరిచూసి భద్రపరచుకున్న వరుసతో పోల్చి, తేడా వచ్చిన చోట పరీక్ష విఫలమైందని చెప్పడం కొన్ని క్షణాల పని. ‘స్త్రీ’, ‘జ్యోత్స్న’, ‘లక్ష్మి’, ‘వైశిష్ట్యం’ వంటి మాటలన్నీ ప్రతి మార్పుకూ, ప్రతి ఒక్కరి మార్పుకూ, ఒకే విధంగా పరీక్షకు నిలబడతాయి.

తెలుగు లిపికి ఈ జాగ్రత్త ఎంత అవసరమో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. జకారం కింద ఞ వత్తు, దాని తరువాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్, ఆపైన దీర్ఘం ఉన్న ఒక్క అక్షర సముదాయం సందేశంలో వస్తే ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. యాపిల్ 11.2.6ను విడుదల చేసి దాన్ని సరిదిద్దవలసి వచ్చింది. అంత పెద్ద సంస్థ పరీక్షల జాబితాలోనే ఆ వరుస జారిపోయిందంటే, మన జాబితా ఎంత పొడవు ఉండాలో, అది ఎంత తరచుగా నడవాలో వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఉచిత సేవల సంగతికి వస్తాను. 2011లో బెర్లిన్‌లో మొదలైన ట్రావిస్ సీఐ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఉచితంగా పరీక్షలు నడిపి పెట్టడాన్ని ఒక ఆనవాయితీగా మార్చింది. ప్రాజెక్టు కోడు ఉండే రిపోజిటరీలో, సూచనలు రాసిన ఒక చిన్న యామల్ ఫైలు పెడితే చాలు, ప్రతి పుల్ రిక్వెస్టు పక్కన ఆకుపచ్చ గుర్తో ఎర్ర గుర్తో కనిపించేది. వేలాది ప్రాజెక్టులు దాని మీదే పెరిగాయి. 2019 జనవరిలో ఆ సంస్థను ఐడెరా అనే సాఫ్ట్‌వేరు సంస్థ కొనుగోలు చేసింది. మరుసటి నెలలోనే అక్కడి ఇంజనీర్లలో పలువురిని తొలగించారు. 2020 నవంబరులో కొత్త ధరల విధానం వచ్చి, పబ్లిక్ ప్రాజెక్టులకు ఒక్కసారికి మాత్రం పది వేల క్రెడిట్లు ఇచ్చి, అవి అయిపోతే మళ్ళీ అర్జీ పెట్టుకోవాలన్నారు. 2021 జూన్‌లో ఓపెన్ సోర్స్ కోసమే ఉన్న పాత చిరునామా మూతపడింది. ఆ నెలల్లో ఎన్నో ప్రాజెక్టుల నిర్వాహకులు కొత్త పనులన్నీ పక్కన పెట్టి, ఏళ్ళ తరబడి పేర్చుకున్న సీఐ అమరికలను మరో సేవ భాషలోకి తిరగరాస్తూ కూర్చున్నారు.

ఇది ఒక్క సంస్థ కథ అయితే నేను ఇంత దూరం ప్రస్తావించేవాణ్ణి కాదు. 2018 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ అజూర్ పైప్‌లైన్స్ అనే సీఐ సేవను ప్రకటించినప్పుడు, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఏకకాలంలో పది జాబులు (యంత్రం మీద నడిచే పనులు), నిమిషాల పరిమితి లేకుండా ఇస్తామన్నది. 2021కి వచ్చేసరికి కొత్త పబ్లిక్ ప్రాజెక్టు ముందుగా ఒక దరఖాస్తు పెట్టుకుని అనుమతి కోసం ఎదురుచూడవలసిన పరిస్థితి వచ్చింది. కోడును ఉంచుకునే చోటు, సీఐ రెండూ ఇచ్చే గిట్‌ల్యాబ్ తన ఉచిత ఖాతాల నెలవారీ కోటాను 2020 అక్టోబరులో 2,000 నిమిషాల నుంచి 400 నిమిషాలకు తగ్గించింది. అలాంటిదే అయిన సోర్స్‌హట్ 2021లో తన బిల్డు సేవను చందాదారులకే పరిమితం చేసింది. ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ మీద కూడా పరీక్షలు నడిపే అవకాశం ఇచ్చి అందరి మన్ననలు పొందిన సిరస్ సీఐ, 2023 సెప్టెంబరు నుంచి ఉచిత వాడకానికి నెలవారీ పరిమితి పెట్టింది. సీఐ సేవ మారకపోయినా, దాని కింద ఉన్నది మారవచ్చు. 2020 నవంబరు నుంచి బిల్డులకు కావలసిన కంటైనర్ ఇమేజిలను (పనిముట్లన్నీ సర్ది ఉంచిన పొట్లాలను) పంచే డాకర్ హబ్, లాగిన్ కాని వాడకందార్లకు ఆరు గంటలకు వంద పుల్స్ (డౌన్‌లోడ్లు) అని హద్దు పెట్టినప్పుడు, ఒకే ఐపీ చిరునామాను ఎందరో పంచుకునే సీఐ యంత్రాల మీద ఏ తప్పూ లేని బిల్డులు కూడా విఫలమయ్యాయి.

వీటిలో ఏ సంస్థా దురుద్దేశంతో ఇలా చేసిందని నేను అనను. ఉచితంగా కంప్యూటరు సమయం దొరికే ప్రతి చోటికీ క్రిప్టో మైనింగ్ చేసేవాళ్ళు వచ్చి పడ్డారు. వందల కొద్దీ దొంగ ఖాతాలు తెరిచి, పరీక్షల పేరుతో మైనింగ్ నడిపి, నిజమైన ప్రాజెక్టులకు దక్కవలసినదాన్ని తినేశారు. ఆ నష్టాన్ని భరించలేక కొందరు, పెట్టుబడిదారులకు లెక్క చెప్పవలసి వచ్చి కొందరు తలుపులు దగ్గరగా వేశారు. మనం గ్రహించవలసినది ఒక్కటే. ఉచిత సీఐ అనేది ఎవరో ఒకరు తమ బడ్జెట్‌లో ప్రతి ఏటా కొత్తగా తీసుకునే నిర్ణయం. మనకు అందులో ఓటు లేదు.

అందరూ మరచిపోతున్న మరో సంగతి, మన ప్రాజెక్టులకు మార్పులు పంపేవారు ఎవరన్నది. వారిలో ఎక్కువ మంది ఆంధ్ర, తెలంగాణ కళాశాలల విద్యార్థులు, కొందరు పాఠశాల ఉపాధ్యాయులు. గిట్‌ల్యాబ్‌లో ఫోర్క్ (ప్రాజెక్టుకు ఎవరైనా తమ ఖాతాలో చేసుకున్న నకలు) నుంచి వచ్చే మెర్జ్ రిక్వెస్టు (అక్కడ పుల్ రిక్వెస్టు పేరు) పరీక్షల పైప్‌లైన్ మామూలుగా ఆ ఫోర్క్ యజమాని ఖాతాలోనే, వారి కోటాతోనే నడుస్తుంది. మైనింగ్ బెడద వల్ల 2021 మే తరువాత చేరిన ఉచిత ఖాతాదారులు ఉమ్మడి రన్నర్లను (పరీక్షలు నడిపే యంత్రాలను) వాడాలంటే క్రెడిట్ లేదా డెబిట్ కార్డు చూపించవలసి వచ్చింది. డబ్బు తీసుకోకపోయినా, కార్డు చూపడమే మన విద్యార్థికి పెద్ద అడ్డంకి. వారి దగ్గర ఉన్నది సాధారణంగా రూపే డెబిట్ కార్డు. దాన్ని అంగీకరించని విదేశీ సేవలు అనేకం. అంతర్జాతీయ కార్డు ఉన్నా, 2020 జనవరిలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం కొత్తగా జారీ అయ్యే కార్డుల్లో అంతర్జాతీయ చెల్లింపులు మొదట మూసి ఉంటాయి, ఖాతాదారే వాటిని తెరుచుకోవాలి. ఒక వత్తు స్థానం సరిచేయడానికి వచ్చిన పద్దెనిమిదేళ్ళ అమ్మాయిని కార్డు అడిగే సేవ, తక్కిన విషయాల్లో ఎంత గొప్పదైనా, మనకు పనికిరాదు. గిట్‌ల్యాబ్ తన ఓపెన్ సోర్స్ కార్యక్రమం కింద అర్హత పొందిన ప్రాజెక్టులకు నెలకు 50,000 నిమిషాలు ఇస్తుందన్న మాట నిజమే, దాన్ని సూచించిన మిత్రుల ఆలోచన మంచిదే. కానీ మన ఇబ్బంది నిమిషాలది కాదు, వాటిని వాడుకోవలసినవారిది.

డబ్బు కట్టి వాడుకుందాం, గొడవ ఉండదు అన్నవారికి కూడా ఒక మాట. కట్టేది ఎవరి కార్డుతో? 2021 అక్టోబరు 1 నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధనల వల్ల, ప్రతి నెలా తనంతట తానే జరిగే కార్డు చెల్లింపులకు ముందస్తు నమోదు, ప్రతిసారీ ముందస్తు సమాచారం తప్పనిసరి అయ్యాయి. ఆ ఏర్పాటు చేసుకోని విదేశీ సేవల నెలవారీ చెల్లింపులు మన దేశంలో చాలామందికి ఒక్కసారిగా విఫలమయ్యాయి. మన సంఘానికి సొంత ఖాతా లేనంతకాలం చందా ఒక నిర్వాహకుడి సొంత కార్డు మీద వేలాడుతుంది. ఆ మనిషి ఉద్యోగం మారినా, కార్డు గడువు తీరినా, మన ఫాంటు విడుదల ఆగిపోతుంది. ఇది మనం ఏ ఒక్కరి మీదా మోపకూడని భారం.

భద్రత గురించి కొంచెం ఎక్కువగానే రాయవలసి ఉంది. సీఐ సేవ అంటే మన తాళంచెవులు మనకు కనిపించని యంత్రాల్లో ఉంచడం. 2021 సెప్టెంబరు 3 నుంచి 10 వరకు ట్రావిస్ సీఐలో ఉన్న ఒక లోపం వల్ల, పబ్లిక్ రిపోజిటరీని ఎవరైనా ఫోర్క్ చేసి పుల్ రిక్వెస్టు పంపితే, అసలు ప్రాజెక్టు రహస్య విలువలు (పాస్‌వర్డులు, వాటి బదులు వాడే టోకెన్లు వంటివి) ఆ బిల్డుకు అందుబాటులోకి వచ్చాయి. 2023 జనవరి 4న సర్కిల్ సీఐ అనే మరో సేవ తన వినియోగదారులందరినీ, వారు తన దగ్గర దాచుకున్న టోకెన్లన్నిటినీ వెంటనే మార్చుకోమని కోరింది. ఒక ఇంజనీరు ల్యాప్‌టాప్‌లో చేరిన మాల్వేర్ ద్వారా చొరబాటుదార్లు లోపలికి వచ్చారని ఆ తరువాత తేలింది. 2025 మార్చిలో, కోడును ఉంచుకునే గిట్‌హబ్ వారి సీఐ సేవ అయిన గిట్‌హబ్ యాక్షన్స్‌లో 23,000కు పైగా రిపోజిటరీలు వాడుతున్న టీజే యాక్షన్స్ వారి చేంజ్డ్ ఫైల్స్ అనే యాక్షన్‌ను (ఇతరులు రాసిపెట్టిన, సీఐలో పిలుచుకునే చిన్న ప్రోగ్రామును) ఎవరో వశపరచుకుని, దాని వెర్షను ట్యాగులన్నిటినీ (వెర్షన్లను సూచించే పేర్లను) హానికరమైన ఒకే కమిట్ (కోడులో నమోదైన మార్పు) వైపు తిప్పారు. ఆ గడియల్లో దాన్ని నడిపిన బిల్డుల రహస్యాలు లాగ్‌లలో అచ్చయ్యాయి. పబ్లిక్ ప్రాజెక్టుల లాగ్‌లు పబ్లిక్‌గానే ఉంటాయి కదా. ట్యాగును నమ్మకుండా, అంతకుముందే సరిచూసిన పూర్తి కమిట్ హ్యాష్‌ను (ఆ ఒక్క కమిట్‌కే చెందే గుర్తింపు సంఖ్యను) రాసుకున్నవారు దీన్ని తప్పించుకున్నారు.

ఇందులో మన కీబోర్డు యాప్ విషయం నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది. ఫాంటు పాడైతే అక్షరం వికారంగా కనిపిస్తుంది, అంతే. కీబోర్డు అలా కాదు. మనిషి ఫోనులో కొట్టే ప్రతి అక్షరం, బ్యాంకు పాస్‌వర్డుతో సహా, దాని గుండానే వెళుతుంది. ఆ యాప్ మనదేనని డిజిటల్ సంతకం చేసి ప్లే స్టోరుకు పంపే కీ ఎవరి చేతికైనా చిక్కితే, మన పేరుతోనే మన వాళ్ళకు దొంగ కీబోర్డు పంపగలిగే దారి తెరుచుకుంటుంది. మా అమ్మ ఫోనులో ఉన్నది మన కీబోర్డే. మీ ఇళ్ళలోనూ ఎందరి ఫోన్లలోనో అదే ఉంటుంది. అందుకని ఏ సేవను ఎంచుకున్నా సరే, కీబోర్డు సంతకపు కీని సీఐలో పెట్టకూడదని నేను గట్టిగా కోరుతున్నాను. సీఐ సంతకం లేని ప్యాకేజీని తయారు చేసి పరీక్షించి ఇవ్వాలి. సంతకం మాత్రం ఇద్దరు నిర్వాహకుల సమక్షంలో, విడిగా ఉంచిన యంత్రం మీద జరగాలి. ఓపెన్ సోర్స్ యాప్‌లను పంచే ఎఫ్‌డ్రాయిడ్ అయితే మూలం నుంచి తానే బిల్డు చేస్తుంది కనుక ఆ వైపు మనకు కొంత నిశ్చింత.

పైథాన్ ప్యాకేజీల విషయంలో మాత్రం నా వాదనకు ఎదురు నిలిచే ఒక నిజం ఉంది, దాన్ని దాటవేయను. 2023 ఏప్రిల్‌లో ఆ ప్యాకేజీలను పంచే పైపీఐ ట్రస్టెడ్ పబ్లిషింగ్ అనే పద్ధతిని ప్రవేశపెట్టింది. దీనితో శాశ్వత టోకెన్ ఎక్కడా దాచనక్కరలేదు. ఫలానా రిపోజిటరీలోని ఫలానా వర్క్‌ఫ్లో (సీఐ చేయవలసిన పనుల వరుస) నుంచి వచ్చిన బిల్డు ఇదేనని సీఐ సేవే ధ్రువీకరిస్తుంది, పైపీఐ కొద్ది నిమిషాలు మాత్రమే చెల్లే టోకెన్ ఇస్తుంది. భద్రతకు ఇంతకన్నా మెరుగైన మార్గం ఈ రోజు లేదు. కానీ ఇది గిట్‌హబ్, గిట్‌ల్యాబ్ వంటి కొన్ని పెద్ద సేవల నుంచే పనిచేస్తుంది. అంటే భద్రత కోసం మనం ఒక సేవకు మరింత కట్టుబడుతున్నాం. విడుదల అనే ఒక్క మెట్టు వరకు ఈ కట్టుబాటును అంగీకరించవచ్చునని నా అభిప్రాయం. దొంగిలించడానికి టోకెనే లేకపోవడం అంత విలువైనది.

వైట్‌ఫీల్డ్‌లోనో మారతహళ్ళిలోనో ఒక మిత్రుడి ఇంట్లో పాత డెస్క్‌టాప్ పెట్టి, దాన్నే మన సొంత రన్నరుగా నడుపుదామన్న సూచన కూడా వచ్చింది. ఆ ఉత్సాహాన్ని నేను గౌరవిస్తాను. కరెంటు పోవడం, బ్రాడ్‌బ్యాండ్ తెగిపోవడం వంటివి ఎలాగోలా సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది మరొకటి ఉంది. పబ్లిక్ ప్రాజెక్టుకు ముక్కూమొహం తెలియని వ్యక్తి పంపిన పుల్ రిక్వెస్టును పరీక్షించడమంటే, ఆ వ్యక్తి రాసిన ప్రోగ్రామును మన మిత్రుడి ఇంటి నెట్‌వర్కులో నడపడమే. హోస్టెడ్ సేవల్లో ప్రతి జాబుకూ కొత్త వర్చువల్ యంత్రం పుట్టి, పని కాగానే చెరిగిపోతుంది. ఇంట్లోని డెస్క్‌టాప్‌లో నిన్నటి బిల్డు వదిలిన ఫైలు రేపటి బిల్డుకు కూడా కనిపిస్తుంది. పబ్లిక్ రిపోజిటరీలకు సొంత రన్నర్లు వాడవద్దని గిట్‌హబ్ పత్రాలు కూడా హెచ్చరిస్తున్నాయి. ఓసీఆర్ శిక్షణ వంటి గంటల తరబడి సాగే పనులకు, అదీ మనం సమీక్షించి ప్రధాన శాఖలో చేర్చిన కోడుకు మాత్రమే ఆ డెస్క్‌టాప్‌ను వాడుకుందాం.

ఇన్ని చూసిన మీదట, ఈ రోజుకు మన ప్రధాన సేవగా గిట్‌హబ్ యాక్షన్స్‌నే సూచిస్తున్నాను. మన కోడు ఎక్కువ భాగం అక్కడే ఉంది. 2019 నవంబరులో అందరికీ అందుబాటులోకి వచ్చినప్పటి నుంచి, పబ్లిక్ రిపోజిటరీలకు సాధారణ రన్నర్ల మీద అది ఉచితంగానే నడుస్తోంది. 2024 జనవరి నుంచి పబ్లిక్ ప్రాజెక్టుల లినక్స్ రన్నర్లకు నాలుగు వర్చువల్ సీపీయూలు, 16 జీబీ మెమరీ ఇస్తున్నారు. మన ఫాంట్లన్నిటినీ మొదటి నుంచి బిల్డు చేయడానికి ఇది పుష్కలంగా సరిపోతుంది. ఫోర్క్ నుంచి వచ్చిన పుల్ రిక్వెస్టు మన రిపోజిటరీ వాటాలోనే నడుస్తుంది, పంపినవారిని కార్డు అడగదు. మొదటిసారి మార్పు పంపేవారి విషయంలో నిర్వాహకుడు ఒక బటన్ నొక్కి అనుమతించాలి. అదేమంత కష్టం కాదు. విండోస్, మ్యాక్ రన్నర్లు కూడా ఉన్నాయి, మనకు వాటి అవసరం కొద్దే.

అయితే ఈ సూచనను ఒక షరతుతో కలిపి తప్ప అంగీకరించవద్దని మనవి. బిల్డు ఎలా చేయాలి, పరీక్షలు ఏ క్రమంలో నడవాలి అన్న విషయమంతా మన రిపోజిటరీలోని మేక్‌ఫైలులో (బిల్డు ఆదేశాలు రాసుకునే ఫైలులో), మామూలు షెల్ స్క్రిప్టులలో ఉండాలి. సీఐ వారి యామల్ ఫైలు చేయవలసినది కోడును తెచ్చుకోవడం, కంటైనరును లేపడం, ‘మేక్ టెస్ట్’ అని పిలవడం మాత్రమే. బెంగళూరులో అద్దెకు ఉండేవారెవరూ తమ బీరువాను ఇంటి యజమాని గోడలో సిమెంటు పెట్టి బిగించరు. ఇక్కడా అంతే. ఆ యామల్ ఫైలు ఒక పేజీ దాటితే, మనం ఏదో ఒకటి వారి గోడలో బిగిస్తున్నామని అర్థం. ఇలా చేస్తే మరో లాభం కూడా ఉంది. సీఐలో విఫలమైన పరీక్షను అనంతపురం హాస్టల్ గదిలోని విద్యార్థి తన ల్యాప్‌టాప్ మీద అదే ఆదేశంతో మళ్ళీ నడిపి చూసుకోగలుగుతారు. ఇప్పుడైతే కారణం తెలుసుకోవడానికి, ఒక్కో చిన్న మార్పూ చేసి పంపి, ఆ సేవ ఏమంటుందోనని వేచి చూడవలసి వస్తోంది. నిఘంటువు ప్రాజెక్టులో విభక్తి ప్రత్యయాల పరీక్ష విఫలమైనప్పుడు కొత్తవారు ఆ తతంగం తట్టుకోలేక పుల్ రిక్వెస్టును మధ్యలోనే వదిలేయడం మనం చూస్తూనే ఉన్నాం.

రన్నరు తాలూకు ఆపరేటింగ్ సిస్టమ్ మీద కూడా ఆధారపడకూడదు. గిట్‌హబ్ తన రన్నర్లలోని ఉబుంటు 20.04 అనే లినక్స్ ఇమేజిని 2025 ఏప్రిల్‌లో తీసివేసింది. ఆ పేరును రాసుకున్న వర్క్‌ఫ్లోలన్నీ ఆ తరువాత ఆగిపోయాయి. పైథాన్, ఫాంట్లను బిల్డు చేసే ఫాంట్‌మేక్, హార్ఫ్‌బజ్ ఏ వెర్షన్లు కావాలో చెప్పే కంటైనర్ ఫైలు మన దగ్గరే ఉంటే, కింద ఏ యంత్రం ఉన్నా ఫలితం మారదు. హార్ఫ్‌బజ్ వెర్షను మారితే తెలుగు గ్లిఫ్‌ల వరుస కూడా మారే అవకాశం ఉంది కనుక, మనకు ఇది సౌకర్యం కోసం చేసే పని కాదు, పరీక్ష ఫలితాన్ని నమ్మగలగడానికి చేసే పని.

దీనికి ఒక మిత్రుడు చెప్పిన అభ్యంతరం సబబైనదే. మన ఇష్యూలు (లోపాల నివేదికలు), చర్చలు, విడుదలలు అన్నీ ఆ సేవలోనే ఉన్నప్పుడు సీఐ ఒక్కదాని గురించి ఇంత జాగ్రత్త దేనికి అని వారు అడిగారు. మార్పులను నమోదు చేసే గిట్ పనిముట్టు స్వభావం వల్ల కోడు చరిత్ర మనలో ప్రతి ఒక్కరి యంత్రంలోనూ ఉంది. ఇష్యూలను ఏపీఐ ద్వారా దింపుకోవచ్చు, దింపుకున్నవి చదువుకోవచ్చు. వర్క్‌ఫ్లో ఫైలు మాత్రం దాన్ని నడిపే సేవ లేకపోతే ఒట్టి పాఠ్యం. ఫోర్జెజో యాక్షన్స్ వంటి ఇతర సీఐ వ్యవస్థలు గిట్‌హబ్ వాక్యనిర్మాణాన్ని చాలావరకు అర్థం చేసుకుంటాయి గానీ, మార్కెట్‌ప్లేస్ నుంచి తెచ్చుకున్న ఒక్కో యాక్షన్ అక్కడ ఎలా ప్రవర్తిస్తుందో ముందుగా చెప్పలేం. ఆ యాక్షన్లు సమయం ఆదా చేస్తాయన్నది వాస్తవం. వాటిలో గిట్‌హబ్ వారే నిర్వహించే రెండు మూడింటికి పరిమితమై, వాటిని కూడా పూర్తి కమిట్ హ్యాష్‌తోనే పిలుద్దాం.

పైన చెప్పినదంతా నిజంగా అమలవుతోందో లేదో తెలుసుకోవడానికి ఒకటే మార్గం. మరో చోట నడిపి చూడటం. బెర్లిన్‌లోని లాభాపేక్ష లేని సంఘం నడిపే కోడ్‌బర్గ్, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు అభ్యర్థన మీద వుడ్‌పెకర్ అనే సీఐ వాడుకునే అవకాశం ఇస్తోంది. మన ఫాంటు రిపోజిటరీ ప్రతిబింబాన్ని అక్కడ ఉంచి, వారానికి ఒక్కసారి అదే ‘మేక్ టెస్ట్’ను నడపాలని నా ప్రతిపాదన. వారు విరాళాల మీద నడుస్తున్నారు, అందుకని వారానికి ఒక్కసారికి మించి వారి యంత్రాలను మనం వాడుకోకూడదు. అక్కడ పరీక్ష విఫలమైతే, మన స్క్రిప్టుల్లో ఎక్కడో గిట్‌హబ్ వాసన చేరిందని ఆ వారమే తెలిసిపోతుంది.

గిట్‌హబ్‌లోనే గమనించవలసినవి మరికొన్ని ఉన్నాయి. పబ్లిక్ రిపోజిటరీలో 60 రోజులు ఏ కదలికా లేకపోతే, సమయం ప్రకారం నడిచే వర్క్‌ఫ్లోలు వాటంతట అవే ఆగిపోతాయి. కళాశాల పరీక్షల కాలంలో నెలల తరబడి నిద్రపోయే మన నిఘంటువు ప్రాజెక్టుకు ఇది తప్పక ఎదురవుతుంది, కనుక ఆ గడువును గుర్తుపెట్టుకునే బాధ్యత ఒకరికి అప్పగించాలి. లాగ్‌లు మామూలుగా 90 రోజులే ఉంటాయి. అందువల్ల ప్రతి విడుదలతో పాటు దాని పరీక్షల నివేదికను కూడా జతచేయాలి. వర్క్‌ఫ్లో టోకెనుకు చదివే హక్కు మాత్రమే ఇవ్వాలి. ఫోర్క్ కోడును మన రహస్యాలతో కలిపి నడిపే ప్రమాదం ఉన్న ‘పుల్ రిక్వెస్ట్ టార్గెట్’ అనే అమరికను మన ప్రాజెక్టులన్నిటిలోనూ నిషేధించాలి.

ఎప్పటికైనా డబ్బు అవసరమైతే, అది వ్యక్తుల కార్డుల మీద కాక, దరఖాస్తు చేసి తెచ్చుకున్న సాయంతో జరగాలి. బెంగళూరులోనే ఉన్న ఫాస్ యునైటెడ్ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు గ్రాంట్లు ఇస్తోంది. జెరోధా 2024లో ఏడాదికి పది లక్షల డాలర్లతో, ఓపెన్ సోర్స్‌కు సాయం చేసే ఫ్లాస్ ఫండ్ ప్రకటించింది. మన అవసరం వాటి ముందు చాలా చిన్నది.

తదుపరి సమావేశంలో ఈ మూడు విషయాల మీద ఓటు తీసుకోవలసిందిగా కోరుతున్నాను. గిట్‌హబ్ యాక్షన్స్ ప్రధాన సేవగా ఉండాలా, బిల్డు నియమాలన్నీ రిపోజిటరీలోని మేక్‌ఫైలులోనే ఉండాలన్నది తప్పనిసరి నియమం కావాలా, కీబోర్డు సంతకపు కీ సీఐకి బయటే ఉండాలా అన్నవి అవి. మూడూ ఆమోదం పొందితే, ఫాంటు ప్రాజెక్టుకు మేక్‌ఫైలు, కంటైనర్ ఫైలు ముసాయిదాలను నేను సిద్ధం చేసి సమీక్షకు పెడతాను. హెచ్‌బీ షేప్ పరీక్షల మాటల జాబితాను పొడిగించడానికి లిపి తెలిసినవారు ఇద్దరు కావాలి. ముఖ్యంగా మూడు, నాలుగు హల్లులు కలిసే సంయుక్తాలు, పాత అచ్చు పుస్తకాల్లో కనిపించే ఱ వత్తు రూపాలు ఇంకా ఆ జాబితాలోకి రాలేదు. కీబోర్డు ప్రాజెక్టు నిర్వాహకులు ఇప్పుడున్న సంతకపు కీ ఎక్కడెక్కడ దాచి ఉందో సమావేశానికి ముందే సరిచూసుకుని వస్తే, ఆ చర్చ అక్కడికక్కడే ముగించవచ్చు.

ఇట్లు,
ఫాంటు ప్రాజెక్టులో బిల్డు, పరీక్షల పని చూస్తున్న సభ్యుడు,
బెంగళూరు